మెట్రో ఖర్చు భూమి మీద రాబట్టవచ్చా? కోపెన్‌హాగెన్ లెక్క, దాని వెనకున్న షరతులు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. కోపెన్‌హాగెన్ భూములు అమ్మి మెట్రో కట్టుకుందని క్లాసులో చెప్పారు. అది ఎంతవరకు నిజం, యూరప్‌లో మిగతా పెద్ద నగరాలు కూడా అలాగే చేశాయా, హైదరాబాద్‌లో మెట్రో విస్తరణకు అదే పద్ధతి ఎందుకు వాడకూడదు అని అడిగారు.

సూటిగా చెప్తాను. నిజమే, కానీ సగం నిజం. కోపెన్‌హాగెన్ తొలి మెట్రో లైన్లను అప్పు చేసి కట్టింది. ఆ అప్పు తీర్చే భారంలో పెద్ద వాటాను భూమి మీద వేసింది. భూమి డబ్బు నెమ్మదిగా వచ్చింది, కొన్నేళ్లు అసలు రాలేదు. రైలు నడవడం మొదలై ఇరవై ఏళ్లు దాటాక కూడా ఆ అప్పు పూర్తిగా తీరలేదు. అయినా ఆ నగరానికి అది మంచి బేరమే అంటాను. ఎందుకు కుదిరిందంటే లైను వేయడానికి ముందే భూమి ప్రభుత్వం చేతిలో ఉంది, అప్పు ప్రభుత్వ హామీ మీద తక్కువ వడ్డీకి దొరికింది, పెద్ద ఆఫీసులు స్టేషన్ పక్కనే రావాలన్న నిబంధన మహానగర ప్రాంతం మొత్తానికీ ఉంది. ఈ మూడింటిలో ఏది లేకపోయినా లెక్క తప్పుతుంది.

ముందు అక్కడి పరిస్థితి తెలియాలి. కోపెన్‌హాగెన్ మునిసిపాలిటీ జనాభా 1950లో సుమారు 7.68 లక్షలు. 1990ల మొదట్లో సుమారు 4.65 లక్షలకు పడిపోయింది. రేవు పరిశ్రమలు మూతపడుతున్నాయి, పిల్లలున్న కుటుంబాలు శివారు మునిసిపాలిటీలకు వెళ్లిపోతున్నాయి, ఖజానా ఖాళీ. అలాంటి నగరం పన్నులతో మెట్రో కట్టలేదు. చేతిలో ఉన్న ఆస్తల్లా నగరానికి దక్షిణాన అమాగర్ దీవి మీదున్న బీడు భూమి. 1992లో డెన్మార్క్ పార్లమెంటు ఓరెస్టడ్ చట్టం చేసింది (ఓరెస్టడ్ అంటే అక్కడ కట్టాలనుకున్న కొత్త పేట). దాని కింద 310 హెక్టార్లు, అంటే దాదాపు 766 ఎకరాలు, ఒక కంపెనీకి అప్పగించారు. అందులో మునిసిపాలిటీకి 55 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 45 శాతం వాటా. ఆ నేల సుమారు 5 కిలోమీటర్ల పొడవు, 600 మీటర్ల వెడల్పు ఉన్న సన్నని పట్టీ. మధ్యలో రైలు గీత గీస్తే ఎటు చూసినా స్టేషన్ నడక దూరంలోనే ఉంటుంది. మ్యాపు మీద ఈ ఆకారాన్ని ఒకసారి చూడండి, ఆర్థిక లెక్క సగం అందులోనే అర్థమవుతుంది.

అప్పు తీర్చడానికి మూడు రాబడులు అనుకున్నారు: భూమి అమ్మకం, రైలు నడిపితే మిగిలే లాభం, ఆ ప్రాంతంలో కొత్తగా వచ్చే కట్టడాల మీద ఆస్తిపన్ను. మెట్రో తొలి భాగం 2002 అక్టోబరులో మొదలైంది. విమానాశ్రయం దాకా 2007లో వెళ్లింది. ఆ ఏడాదే కంపెనీని రెండుగా విడదీశారు. రైలు నడిపే పని ఒకదానికి, భూమి పని బ్యూ ఓ హౌన్ అనే మరొకదానికి (ఆ పేరుకు 'నగరం, రేవు' అని అర్థం) వెళ్లింది. పాత రేవు భూములను కూడా ఈ రెండో కంపెనీకే ఇచ్చారు. తొలి దశల అప్పు కూడా దాని ఖాతాలోకే చేరింది. ఈ సంగతి చాలామంది గమనించరు. మెట్రో కంపెనీ లెక్కలు మాత్రమే చూసి 'మెట్రో లాభాల్లో ఉంది' అనేస్తారు. అసలు బరువు పక్క కంపెనీ మోస్తోంది.

వడ్డీయే అసలు ఖర్చు

భూమితో రైలు కట్టాలనుకునే వాళ్లు మొదట పొరపాటు పడేది ఇక్కడే. కాగితం మీద ఒక పక్క నిర్మాణ ఖర్చు, ఇంకో పక్క భూమి విలువ వేసి, రెండూ సరిపోయాయి కదా అంటారు. మధ్యలో ఉన్న కాలాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఒక ఊహా లెక్క వేద్దాం. 1,000 కోట్లు అప్పు తెచ్చారు, రాబడి వచ్చేదాకా ఏమీ కట్టలేదు. వడ్డీ 5 శాతమైతే 8 ఏళ్లకు అది 1,477 కోట్లవుతుంది, 15 ఏళ్లకు 2,079 కోట్లు. వడ్డీ 8 శాతమైతే 8 ఏళ్లకు 1,851 కోట్లు, 15 ఏళ్లకు 3,172 కోట్లు. ప్రాజెక్టు అదే, భూమి అదే. వడ్డీ మూడు శాతం పెరిగి, అమ్మకాలు ఏడేళ్లు వెనక్కి జరిగితే తీర్చాల్సింది రెండింతలు దాటింది. కోపెన్‌హాగెన్ కంపెనీని మామూలు లిమిటెడ్ కంపెనీగా పెట్టకుండా, యజమానులిద్దరూ అప్పుకు పూర్తిగా బాధ్యులయ్యే భాగస్వామ్య సంస్థగా పెట్టడానికి కారణం ఇదే. దానివల్ల డెన్మార్క్ ప్రభుత్వం తీసుకునే వడ్డీకి దగ్గర రేటులో అప్పు దొరికింది. తొలి ఏళ్లలో అమ్మకాలు మందగించినా కంపెనీ కూలిపోలేదు, తీర్చే గడువు వెనక్కి జరిగింది. ఒక ప్రైవేటు కంపెనీ ఇదే పని 10, 11 శాతం వడ్డీకి చేసి ఉంటే మధ్యలోనే చేతులెత్తేసేది.

అమ్మకాలు ఎందుకు మందగించాయి? మొదటి ప్రణాళికలో ఎక్కువ వాటా ఆఫీసులకు కేటాయించారు. అన్ని ఆఫీసులకు గిరాకీ రాలేదు. రైళ్లు తిరుగుతున్నాయి, పట్టాల కింద గడ్డి నేల అలాగే ఉంది. ముందు కదిలినవి ప్రభుత్వ ఆసరా ఉన్న సంస్థలే: ఐటీ విశ్వవిద్యాలయం, కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణం, జాతీయ ప్రసార సంస్థ ప్రధాన కార్యాలయం. 2004లో ఫీల్డ్స్ అనే పెద్ద మాల్ వచ్చింది. అది కొనుగోలుదారుల్ని తెచ్చిన మాట నిజమే కానీ వీధి దుకాణాలు నిలబడాల్సిన వ్యాపారాన్ని లోపలికి లాగేసుకుంది. చుట్టుపక్కల వీధులు చాలాకాలం బోసిపోయాయి. నా దృష్టిలో ఆ ప్రాజెక్టులో పెద్ద తప్పు అదే. తొందర అవసరంలో ఉన్న భూయజమాని పెద్ద ముక్కను ఒకే కొనుగోలుదారుకు ఇచ్చేస్తాడు. ఆ ఒక్కడి నిర్ణయం మిగతా ముక్కల విలువను పదిహేనేళ్లపాటు శాసిస్తుంది.

తర్వాత ఇళ్ల వాటా పెంచారు, స్థలాల్ని చిన్నవి చేశారు. రేవు భూముల్లో ఆ పాఠం కనిపిస్తుంది.

భూమి ధర ఎందుకంత ఎగిరిపడుతుంది

డెన్మార్క్‌లో ఇలాంటి భూమిని ఎకరాల లెక్కన కాకుండా కట్టుకునే హక్కు లెక్కన అమ్ముతారు. ఒక చదరపు మీటరు అంతస్తు కట్టుకోవడానికి ఇన్ని క్రోనర్లు అని ధర. కొన్నవాళ్లకు అదనంగా కట్టుకునే అనుమతి వస్తే అదనంగా చెల్లించాలి. మన దగ్గర ఎకరం ధర చెప్పి వేలం వేస్తారు. తర్వాత ఎన్ని అంతస్తులు లేపినా అమ్మిన ప్రభుత్వానికి ఆ ధరలో తేడా రాదు. విద్యార్థిగా మీరు మొదట పట్టుకోవాల్సిన తేడా ఇదే అనుకుంటాను.

ఇక ధర ఎలా పుడుతుందో చూడండి. ఇదీ ఊహా లెక్కే. ఫ్లాటు అమ్మకం ధర చదరపు అడుగుకు 8,000 రూపాయలు. నిర్మాణానికి 3,500, డిజైను, అనుమతులు, ప్రకటనల ఖర్చు 800, వడ్డీ 700, బిల్డర్ లాభం 1,500. ఇవన్నీ తీసేస్తే భూమికి మిగిలేది 1,500. మెట్రో వచ్చి ఫ్లాటు ధర 10 శాతం పెరిగి 8,800 అయితే, మిగతా ఖర్చులు మారవు కాబట్టి భూమికి 2,300 మిగులుతుంది. అంటే భూమి విలువ 53 శాతం పెరిగింది. ఫ్లాటు ధర అదే 10 శాతం తగ్గి 7,200 అయితే భూమికి మిగిలేది 700, సగానికి పైగా పోయింది. మెట్రో వల్ల భూమికి వచ్చే లాభం అంత గొప్పగా కనిపించేది ఈ గుణకం వల్లే. 2008 లాంటి ఏడాదిలో భూమి కంపెనీల ఖాతాలు ఒక్కసారిగా ఎర్రబడేదీ దీనివల్లే. కాబట్టి భూమి రాబడిని ఎప్పుడూ ఒకే అంకెగా రాయకండి. ఫ్లాటు ధర 10 శాతం తగ్గితే, నిర్మాణ ఖర్చు 10 శాతం పెరిగితే, అమ్మకాలు ఐదేళ్లు ఆలస్యమైతే ఏమవుతుందో మూడు వరుసలు విడిగా వేయండి. మూడూ కలిసి జరిగితే ఏమవుతుందో నాలుగో వరుస వేయండి. మాంద్యంలో అవి విడివిడిగా రావు.

ప్రాంతం మొత్తానికి ఒకే నిబంధన

కోపెన్‌హాగెన్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఈ భాగమే. నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

1947లో స్టీన్ ఐలర్ రాస్ముసెన్, పీటర్ బ్రెడ్స్‌డోర్ఫ్ నాయకత్వంలో వచ్చిన 'వేళ్ల ప్రణాళిక' గురించి మీరు చదివే ఉంటారు. పాత నగరం అరచేయి, సబర్బన్ రైలు మార్గాల వెంట ఐదు వేళ్లు, వేళ్ల సందుల్లో పొలాలు, అడవులు. అందరూ దాన్ని అందమైన బొమ్మగా గుర్తుపెట్టుకుంటారు. దానికి చట్టబలం ఇచ్చింది 2007లో వచ్చిన జాతీయ ఆదేశం. 34 మునిసిపాలిటీలు దానికి కట్టుబడాలి. అందులో ఉన్న ముఖ్యమైన నిబంధన: 1,500 చదరపు మీటర్లు దాటిన ఆఫీసు స్టేషన్‌కి 600 మీటర్ల లోపే రావాలి. వేళ్ల సందుల్లో కట్టడానికి వీల్లేదు.

ఇది భూమి అమ్మకానికి ఎలా ఉపయోగపడుతుంది? మీరు స్టేషన్ పక్క స్థలం అమ్ముతున్నారనుకోండి. కొనేవాడికి పది కిలోమీటర్ల అవతల హైవే పక్కన సగం ధరకే స్థలం దొరుకుతుంది, అక్కడ వెయ్యి కార్లు నిలిపే చోటు కూడా ఉంది. ఆ దారి తెరిచి ఉన్నంతకాలం స్టేషన్ పక్క స్థలానికి ధర రాదు. 600 మీటర్ల నిబంధన ఆ దారి మూస్తుంది. అంటే ఆ నిబంధన పర్యావరణానికి ఎంత చేస్తుందో మెట్రో అప్పు తీర్చడానికీ అంత చేస్తుంది. దీనికి తోడు డెన్మార్క్‌లో ధనిక మునిసిపాలిటీల పన్ను రాబడిలో కొంత పేద మునిసిపాలిటీలకు మళ్లించే పద్ధతి ఉంది. కంపెనీ పక్క ఊరికి వెళ్లినా పూర్తిగా నష్టపోము అన్న ధీమా ఉంటే, పక్క ఊరితో పోటీపడి చౌకగా స్థలాలు ఇచ్చే తొందర తగ్గుతుంది.

ఈ నిబంధన లేని చోట ఏమవుతుందో ఫ్రాంక్‌ఫర్ట్ చూపిస్తుంది. జర్మనీలో వ్యాపార పన్ను రేటును ఎవరి మునిసిపాలిటీ వాళ్లే నిర్ణయించుకుంటారు. మూల రేటు 3.5 శాతం, దాన్ని స్థానిక గుణకంతో హెచ్చవేస్తారు. ఫ్రాంక్‌ఫర్ట్ గుణకం 460 శాతం, అంటే పన్ను 16.1 శాతం. నగరానికి ఆనుకునే ఉన్న ఎష్‌బోర్న్ అనే చిన్న పట్టణం గుణకం ఒకప్పుడు 280 శాతం, అంటే 9.8 శాతం. స్టాక్ ఎక్స్ఛేంజి నడిపే డాయిచ బోర్స 2010లో తన ప్రధాన కార్యాలయాన్ని అక్కడికి మార్చుకుంది. ఉద్యోగులు పాత రైల్లోనే వస్తారు, అదే విమానాశ్రయం వాడతారు, సాయంత్రం అదే నగరంలో గడుపుతారు. పన్ను మాత్రం గీత దాటింది. మహానగర ప్రాంతం ఒకటే ఆర్థిక వ్యవస్థగా బతుకుతూ డజన్ల కొద్దీ ఖజానాలుగా చీలి ఉంటే మధ్య నగరం ఖర్చు మోస్తుంది, అంచు పట్టణం రాబడి తింటుంది. ఇలాంటి చోట స్టేషన్ భూమి మీద ఆధారపడి అప్పు చేయడం ప్రమాదం.

భూమి చేతిలో లేనప్పుడు: లండన్, పారిస్

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇది. చాలా పెద్ద నగరాలు భూమి అమ్మలేదు, ఎందుకంటే అమ్మడానికి వాళ్ల దగ్గర లేదు. భూమి ప్రైవేటు చేతుల్లో ఉన్నప్పుడు పెరిగిన విలువను పన్ను ద్వారా పట్టుకోవాలి.

లండన్‌లో ఎలిజబెత్ లైన్ అనే కొత్త రైలు మార్గం కోసం రెండు సాధనాలు వాడారు. మొదటిది, 2010 ఏప్రిల్ నుంచి పెద్ద వ్యాపార ఆస్తుల మీద అదనపు పన్ను: అంచనా అద్దె విలువలో పౌండుకి 2 పెన్నీలు. మొదట్లో 55,000 పౌండ్లు దాటిన ఆస్తులకే ఇది వర్తించింది, కాబట్టి చిన్న దుకాణాలు తప్పించుకున్నాయి. ఈ రాబడిని చూపించి లండన్ ప్రభుత్వం నిర్మాణానికి సుమారు 410 కోట్ల పౌండ్లు సమకూర్చింది, అందులో ఎక్కువ భాగం అప్పే. రెండోది, 2012 ఏప్రిల్ నుంచి కొత్త కట్టడాల మీద చదరపు మీటరు లెక్కన రుసుము. నగర భాగాన్ని బట్టి 50, 35, 20 పౌండ్లు. ఇవి కాక కానరీ వార్ఫ్ అనే ఆఫీసుల పేట యజమాని కానరీ వార్ఫ్ గ్రూపు తన దగ్గరి స్టేషన్‌కి 15 కోట్ల పౌండ్లు ఇచ్చింది.

ఈ రెండు సాధనాల స్వభావం వేరు. పాత ఆస్తుల మీద పన్ను ఏటా స్థిరంగా వస్తుంది, దాని మీద ధైర్యంగా అప్పు చేయవచ్చు. కొత్త కట్టడాల రుసుము కట్టడాలు లేస్తేనే వస్తుంది, మాంద్యంలో ఎండిపోతుంది. లండన్ పెద్ద అప్పును మొదటిదాని మీదే నిలిపింది, అది తెలివైన పని. లైను 2018 డిసెంబరులో మొదలవ్వాల్సింది 2022 మే దాకా ఆగింది, ఖర్చు సుమారు 1,900 కోట్ల పౌండ్లకు చేరింది. అప్పుడు 2018 చివర 130 కోట్ల పౌండ్లు, 2020 చివర మరో 82.5 కోట్ల పౌండ్లు అదనంగా అప్పు తేవాల్సి వచ్చింది. వాటినీ ఇవే రాబడులతో తీర్చాలి. స్థిరమైన పన్ను లేకపోతే ఆ అదనపు అప్పు పుట్టేదే కాదు.

లండన్‌లోనే కోపెన్‌హాగెన్‌కి కాస్త దగ్గరగా ఉండే చిన్న ఉదాహరణ ఉంది. బాటర్‌సీ అనే పేట దాకా నార్తర్న్ లైన్ మెట్రో పొడిగింపు, 3 కిలోమీటర్లకు కాస్త పైన, రెండు స్టేషన్లు, 2021 సెప్టెంబరులో తెరిచారు. దానికి చేసిన దాదాపు 100 కోట్ల పౌండ్ల అప్పును అక్కడ కట్టే బిల్డర్ల చెల్లింపులతోనూ, ఆ ప్రత్యేక మండలంలో 2016 నుంచి 25 ఏళ్లపాటు పెరిగే వ్యాపార పన్ను రాబడితోనూ తీర్చాలని ఏర్పాటు. పెరిగిన భాగం మాత్రమే పక్కకు తీస్తారు, పాత రాబడి ఎప్పటిలా నగర సేవలకు వెళ్తుంది. ఇది చేయాలంటే మండలం సరిహద్దు, మూల సంవత్సరం చట్టంలో ముందే రాసి పెట్టుకోవాలి. తర్వాత గీద్దామనుకుంటే, పెరిగిన రాబడిని ఈలోపే వేరే ఖర్చులకు అలవాటు చేసుకుంటారు. తిరిగి ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు.

పారిస్ దారి ఇంకా సూటిగా ఉంటుంది. 1971 నుంచి ఆ ప్రాంతంలో యజమానులు జీతాల మొత్తం మీద రవాణా పన్ను కడుతున్నారు. ఇప్పుడు 11 మంది, ఆపైన పనివాళ్లున్న సంస్థలకు వర్తిస్తుంది. పారిస్ నగరంలో రేటు 2024లో 3.20 శాతానికి పెంచారు. గ్రాండ్ పారిస్ ఎక్స్‌ప్రెస్ కోసం, అంటే 200 కిలోమీటర్లు, 68 స్టేషన్ల కొత్త వలయం కోసం, 2010 చట్టంతో విడిగా ఒక సంస్థను పెట్టి, ఆఫీసు స్థలాల మీద పన్నులో వాటా, స్థానిక ఆస్తిపన్నుతో కలిపి వసూలు చేసే ప్రత్యేక పన్ను దానికి కేటాయించారు. ఇక్కడా ఖర్చు అంచనాలు దాటింది. 2018 జనవరిలో ఆ దేశ ఆడిట్ కోర్టు, అంచనా కొద్ది నెలల్లోనే 2,550 కోట్ల యూరోల నుంచి 3,850 కోట్లకు పెరిగిందని తేల్చింది. పన్ను ప్రాంతం మొత్తం మీద వేసి ఉండటంతో పని ఆగలేదు, 14వ లైను పొడిగింపు 2024 జూన్‌లో ఓర్లీ విమానాశ్రయం దాకా తెరుచుకుంది. వియన్నా కూడా 1970 నుంచి యజమానుల దగ్గర మెట్రో పన్ను తీసుకుంటోంది. 2012లో దాన్ని ఒక్కో ఉద్యోగికి వారానికి 2 యూరోలు చేశారు. చిన్న మొత్తమే, లెక్క తేలిక, ఎగ్గొట్టడం కష్టం.

ఎలా అమ్మాలి: హాంబర్గ్ నుంచి నేర్చుకోవాల్సింది

భూమి చేతిలో ఉంటే సరిపోదు, అమ్మే తీరు తెలియాలి. ఈ విషయంలో కోపెన్‌హాగెన్ కన్నా హాంబర్గ్ మెరుగు అని నా అభిప్రాయం.

హాఫెన్‌సిటీ 157 హెక్టార్ల పాత రేవు. మేయర్ హెన్నింగ్ ఫోషెరావ్ 1997 మేలో ఆ పథకం ప్రకటించాడు. నేల చాలావరకు నగరానిదే. మీదున్న గోదాములు, లీజులు ప్రైవేటువి. వాటిని ప్రకటనకు ముందే నగర సంస్థ ద్వారా సద్దు లేకుండా కొనేశారు. ప్రకటించాక కొని ఉంటే ఎంత పలికేవో ఊహించుకోండి. భూమి మొత్తాన్ని ఒక ప్రత్యేక నిధిలో పెట్టారు. రోడ్లు, వంతెనలు, ఘాట్లు ఆ నిధి నుంచే కట్టారు. యూ4 మెట్రోకి, విశ్వవిద్యాలయానికి మాత్రం విడిగా ప్రభుత్వ బడ్జెటే పెట్టింది. ఇది నిజాయితీగల ఏర్పాటు. భూమి ఏది మోయగలదో అదే మోయమన్నారు.

అమ్మే పద్ధతి ఇలా ఉంటుంది. ముందు పోటీ పెడతారు. అందులో ధర కన్నా ఎవరు ఏం కడతారన్న ప్రతిపాదనకు బరువెక్కువ. గెలిచినవాళ్లకు స్థలం వెంటనే రాసివ్వరు, ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా వాళ్ల పేరున అట్టిపెడతారు. ఆ గడువులో కొనుగోలుదారు ఆర్కిటెక్టుల పోటీ పెట్టాలి, నేల పరీక్ష చేయించాలి, నిర్మాణ అనుమతికి దరఖాస్తు చేయాలి. అన్నీ అయ్యాకే రిజిస్ట్రేషను, అప్పుడే పూర్తి డబ్బు. మధ్యలో ఆగిపోతే స్థలం నగరానికి తిరిగొస్తుంది. దీంతో కొని గోడ కట్టి ధర పెరిగేదాకా ఖాళీగా పెట్టుకునే వ్యాపారానికి చోటుండదు. ఇబ్బంది ఏమిటంటే డబ్బు ఏడాదిన్నర ఆలస్యంగా వస్తుంది. పైన చెప్పిన వడ్డీ లెక్క గుర్తుంది కదా, ఆ ఆలస్యాన్ని మోయగల చౌక అప్పు ఉంటేనే ఈ పద్ధతి సాగుతుంది. వేలంలో ఎక్కువ పాడినవాడికి కొట్టేయడం ఖజానాకు తొందర ఉన్నప్పుడు చేసే పని.

నేల స్వభావం కూడా ధరలోకి వస్తుంది. హాఫెన్‌సిటీ ఎల్బే నది వరద గట్టు బయట ఉంది, అందుకని కట్టడాల నేలను సముద్రమట్టానికి దాదాపు 8 మీటర్ల ఎత్తుకు లేపారు. ఇలాంటి ఖర్చుల్ని మొదట రాయకుండా భూమి విలువ చూపించే నివేదికలు నమ్మకండి.

పేదవాళ్ల ఇళ్లు, పచ్చదనం

అప్పు తీర్చే జాబితాలో చేరిన ప్రతి ఎకరం మీదా ఎక్కువ ధర రాబట్టాలన్న ఒత్తిడి ఉంటుంది. అక్కడ చౌక ఇళ్లు కట్టమంటే రాబడి తగ్గుతుంది, చెట్లు ఉంచమంటే ఇంకా తగ్గుతుంది. కోపెన్‌హాగెన్‌లో ఈ రెండూ తగువులయ్యాయి. అమాగర్ పచ్చిక బయలులో స్ట్రాండెంగెన్ అనే భాగాన్ని మెట్రో డబ్బు కోసం అమ్మాలనుకుంటే జనం గట్టిగా ఎదురుతిరిగారు. 2017లో ఆ చోటు వదిలి, కట్టడాలను అదే బయలులో ఇంకో చోటికి మార్చారు. గొడవ దానితో ఆగలేదు. చౌక ఇళ్ల విషయంలో, కొత్త ప్రణాళికల్లో 25 శాతం దాకా సామాజిక గృహాలు ఉండాలని అడిగే అధికారం మునిసిపాలిటీలకు 2015లోనే వచ్చింది, అప్పటికి ఓరెస్టడ్‌లో చాలా స్థలాలు అమ్ముడైపోయాయి. హాంబర్గ్ 2011 తర్వాత మూడో వంతు ఇళ్లు సబ్సిడీవి ఉండాలన్న నియమం పెట్టుకుంది. వియన్నా ఇంకా ముందుకెళ్లి, సబ్సిడీ ఇళ్లకు కేటాయించిన జోనులో భూమి ధరను అంతస్తు చదరపు మీటరుకు 188 యూరోలకు పరిమితం చేసింది. దాంతో ఆ జోనులో భూమి రాబడి ఆశించి మెట్రో అప్పు చేయలేరు, అది తెలిసే ఆ దారి ఎంచుకున్నారు. చౌక ఇళ్ల వాటా, పచ్చగా ఉంచే నేల ఎంతో అప్పు లెక్క వేయకముందే తీసి పక్కన పెట్టాలి. మిగిలిన నేల మీదే లెక్క వేయాలి.

భూమి అయిపోయాక ఏమవుతుంది? కోపెన్‌హాగెన్‌లో 2019లో తెరిచిన సిటీరింగెన్ మెట్రో వలయం, 15.5 కిలోమీటర్లు, 17 స్టేషన్లు, పాత నగరం కింద వెళ్తుంది. అక్కడ అమ్మడానికి ఖాళీ నేల లేదు. అందుకని అది ఎక్కువగా టిక్కెట్ల రాబడి మీద, యజమానులైన ప్రభుత్వాల సొంత డబ్బు మీద నడిచింది. 'భూమితో మెట్రో' కథ మొత్తం మెట్రోకి వర్తించదని దీన్నిబట్టే తెలుస్తుంది. ఇప్పుడు లునెటెహోల్మ్ అనే 275 హెక్టార్ల కృత్రిమ దీవికి 2021లో పార్లమెంటు అనుమతి ఇచ్చింది. సముద్రం పూడ్చి నేల పుట్టించి, దాన్ని అమ్మి మరిన్ని రవాణా పనులు చేయాలని ఆలోచన. దశాబ్దాల తర్వాత వచ్చే ధరల మీద ఈరోజు పందెం కాయడమే అది. నాకు ఆ ప్రాజెక్టు మీద నమ్మకం తక్కువ.

ఇక హైదరాబాద్

పద్ధతి కొత్తదేం కాదు. తొలి దశ ఒప్పందంలోనే నిర్మాణ సంస్థకు 269 ఎకరాల్లో 1.85 కోట్ల చదరపు అడుగులు కట్టుకునే హక్కు ఇచ్చారు. కానీ ఆ భూమి డిపోల దగ్గర, స్టేషన్ల దగ్గర ముక్కలుగా ఉంది. స్టేషన్ల చుట్టూ పెరిగిన విలువలో ఎక్కువ భాగం ప్రైవేటు స్థలాలదే. దాన్ని పట్టుకునే లండన్ తరహా పన్ను పెట్టలేదు. అప్పును ప్రైవేటు సంస్థ తన ఖాతాలో, ప్రైవేటు వడ్డీకి తెచ్చింది. కోపెన్‌హాగెన్‌ని నిలబెట్టినవి ఏవో అవే ఇక్కడ లేవు.

ఇంకో రెండు అడ్డంకులు ఉన్నాయి. హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు అంతస్తులు కట్టవచ్చన్న హద్దు, లేదు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ) సరిపోతే ఎంతైనా లేపవచ్చు. ఎంతైనా కట్టుకోవచ్చన్న చోట 'స్టేషన్ పక్కన అదనంగా కట్టుకునే హక్కు' అని అమ్మడానికి ఏమీ మిగలదు. రెండోది, ఆఫీసులు ఔటర్ రింగ్ రోడ్డు వైపు ఎక్కడైనా రావచ్చు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది, అప్పటికి అక్కడికి మెట్రో లేదు. ప్రభుత్వమే రైలు లేని చోట అంత ధరకు అమ్ముతుంటే, రైలున్న చోట భూమికి ప్రత్యేకత ఎలా వస్తుంది? ఆ డబ్బు వచ్చిన మాట నిజమే, కానీ అది రవాణా అప్పుకు కట్టిపడేసిన డబ్బు కాదు.

మీ థీసిస్‌కి నేనిచ్చే సలహా ఒకే కారిడార్ తీసుకోమని. ప్రతిపాదిత స్టేషన్ల చుట్టూ 600 మీటర్ల వలయాలు గీయండి. వలయంలో ఉన్న ప్రతి సర్వే నంబరు ఎవరిదో చూడండి: ప్రభుత్వానిదా, వక్ఫ్ లేదా దేవాదాయ శాఖదా, కోర్టు కేసుల్లో ఉందా, ప్రైవేటుదా. నిజంగా అమ్మదగిన ప్రభుత్వ నేల ఎన్ని ఎకరాలో తేలుతుంది, మొదట అనుకున్నదాని కన్నా బాగా తక్కువే ఉంటుంది. దాని మీద పైన చెప్పిన మిగులు లెక్క నాలుగు వరుసల్లో వేయండి. తర్వాత అదే వలయాల్లో ఉన్న వాణిజ్య ఆస్తుల జాబితా తీసుకుని, ఆస్తిపన్ను మీద చిన్న అదనపు శాతం వేస్తే ఏటా ఎంత వస్తుందో, అది ఎంత అప్పు మోస్తుందో వేయండి. రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. రెండోది పెద్దదవుతుందని నా అంచనా. మొదటి పట్టిక తయారయ్యాక ఇక్కడే పెట్టండి, వడ్డీ వరుసలు నేను సరిచూస్తాను.